డ్రాయింగు సారుకు ఉత్తరాలు: చూసి గీస్తే కాపీయేనా?

ఈ నెల ఉత్తరాలు ఎక్కువ, నాకిచ్చిన జాగా తక్కువ. ధర్మవరం నుంచి వచ్చిన ఉత్తరానికి సగం పేజీ ఇచ్చేశాను. మిగతావాళ్లు అలగొద్దు. 34 ఏళ్లు అనంతపురం పల్లెల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసినవాణ్ణి, ఆ ప్రశ్న నేనూ ఎన్నోసార్లు ఎదుర్కొన్నాను.

ప్రశ్న: సార్, మాది ధర్మవరం. మా నాయన మగ్గం నేస్తాడు, నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. లేపాక్షి గుడి స్తంభాల మీది లతలు, పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్లు కట్టుకున్న బట్టల మీది పువ్వులు చూసి గ్రాఫు కాగితం మీదికి ఎక్కిస్తాను. మొన్న ఒక పోటీకి పంపితే "ఇది కాపీ, సొంత సృజన లేదు" అని వెనక్కి పంపారు. గొప్ప చిత్రకారులు ఎవర్నీ చూడకుండానే గీశారా?

జవాబు: అమ్మాయ్, లేపాక్షికి నేను ఏటా బడిపిల్లల్ని బస్సులో తీసుకుపోయేవాణ్ణి. వాళ్లు వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతుంటే, నేను మండపంలో బండల మీద వెల్లకిలా పడుకొని పైకప్పు చూసేవాణ్ణి. కాపలా ఆయన మొదటేడు కసిరాడు, రెండో ఏడు నవ్వాడు, మూడో ఏడు పక్కనే కూర్చున్నాడు. విజయనగర కాలం పని అది, 16వ శతాబ్దం నాటిది. ఎర్రమట్టి రంగు నేల మీద నల్లటి గీతతో ఆడవాళ్లు, మగవాళ్లు, పెళ్లివారు. చీరల మీద గళ్లు, చారలు, పూలు. ఒకామె చీరలా పక్కామె చీర ఉండదు.

ఆ చీరలు ఆ చిత్రకారుడికి కల్లో వచ్చాయా? తన చుట్టూ జనం కట్టుకున్న బట్టల్నే చూసి గీశాడు. అంటే మగ్గం మీది పువ్వు గోడెక్కింది. అయిదు వందల ఏళ్ల తర్వాత నువ్వు గోడ మీది పువ్వును మళ్లీ మగ్గం మీదికి దించుతున్నావు. ఇందులో ఎవరు ఎవర్ని చూసి రాసినట్టు?

సరే, దూరదేశం మాట. 1887లో పారిస్‌లో ఉన్నప్పుడు డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో, జపాను చిత్రకారుడు హిరోషిగే చెక్క అచ్చు బొమ్మల్ని రెండింటిని తైలవర్ణాల్లో తిరిగి వేశాడు. ఒకటి విరబూసిన చెట్ల తోట, ఇంకోటి వంతెన మీద కురిసే వాన. తోట బొమ్మ కోసం ఆయన ముందు పల్చని కాగితం మీద ట్రేసింగు తీసుకొని దాని మీద గళ్లు గీసుకున్నాడు. ఆ గళ్ల కాగితం ఇప్పటికీ ఉంది. నీ గ్రాఫు కాగితం అక్కడ కూడా ఉందని తెలిస్తే నీకు సంతోషమే కదా! కానీ రంగులు హిరోషిగేవి కావు. అచ్చులో నెమ్మదిగా ఉన్న పచ్చ, ఎరుపు ఈయన చేతిలో కేకలు పెడతాయి. చుట్టూ అంచు కట్టి, అందులో వేరే బొమ్మల మీద కనబడ్డ జపాను అక్షరాలను కూడా దించాడు.

రెండేళ్ల తర్వాత ఫ్రాన్సులోని సెంట్-రెమీ మానసిక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తమ్ముడు థియో పంపిన నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకొని మిలే అనే చిత్రకారుడి రైతు బొమ్మల్ని ఇరవై దాకా రంగుల్లో వేశాడు. ఆ పని గురించి తమ్ముడికి రాసిన ఉత్తరంలో సంగీతం మాట తెచ్చాడు. బీథోవెన్ రచనను ఇంకొకడు వాయిస్తే తన భావం కలుపుతాడు గదా, రాసినవాడే వాయించాలన్న నియమం అక్కడ లేదు గదా, మరి చిత్రకారుణ్ణి మాత్రం ఎప్పుడూ సొంతంగానే కట్టమంటారేమి అని దాని సారాంశం. నాకు ఆ ఉత్తరం దొరికి ఉంటే హెడ్‌మాస్టరుతో నా వాదాలు కొన్ని తొందరగా ముగిసేవి.

సంగీతంలో కూడా అంతే. జర్మనీ సంగీతకర్త బాఖ్ వైమార్‌లో కొలువులో ఉండగా ఇటలీ సంగీతకర్త వివాల్డి వయొలిన్ రచనలను ఎత్తిరాసి, ఆర్గన్ మీదికి, హార్ప్సికార్డ్ అనే పాతకాలపు మీట్ల వాద్యం మీదికి మార్చుకున్నాడు. నాలుగు తీగెల వాద్యం కోసం కట్టింది రెండు చేతుల మీట్ల వాద్యంలోకి రావాలంటే మధ్యలో ఖాళీలు పడతాయి. ఆ ఖాళీల్లో నింపినవన్నీ బాఖ్‌వే. మన ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు కోటలో కుంఫిణీ బ్యాండు వాయించే ఇంగ్లీషు వరుసలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటినే నొట్టుస్వరాలంటారు. "సంతతం పాహిమాం" పాడిచూడు, అది ఇంగ్లండు రాజును కాపాడమని వేడుకునే పాట వరుసే. రాజు పోయి అమ్మవారు వచ్చింది!

ఇప్పుడు నీ డిజైను. పోటీవాళ్లది పూర్తిగా తప్పని అనను. లేపాక్షి పేరు నువ్వు రాయలేదేమో, రాయకపోతే అనుమానం వస్తుంది. ఈసారి పంపేటప్పుడు స్తంభం ఫోటో ఒకటి, నీ గ్రాఫు ఒకటి పక్కపక్కన పెట్టు. రాతి మీది లత వంపు తిరుగుతూ పోతుంది. గళ్లలో పడగానే మెట్లు మెట్లుగా విరుగుతుంది. అంచులో అయితే అది సన్నబడాలి, చెరగులో అయితే పెరగాలి. ఏ గడి నింపావు, ఏది వదిలావు, జాకార్డు అట్టలు (మగ్గానికి డిజైను చెప్పే బెజ్జాల అట్టలు) కొట్టించేటప్పుడు ఏ ఆకు తీసేశావు, ఎందుకు తీసేశావు, నాలుగు వాక్యాలు రాసి అంటించు. స్తంభం చెక్కిన శిల్పికి ఈ చిక్కు రాలేదు. ఇది నీ చిక్కు, కాబట్టి దాన్ని విప్పిన పద్ధతీ నీదే.

ప్రశ్న: రాజంపేట దారిలో బస్సులో పోతూ 108 అడుగుల అన్నమయ్య విగ్రహం చూసినప్పుడల్లా మా అమ్మ ఒక పాట అందుకుంటుంది. మేం వినేవి అన్నమయ్య కట్టిన వరుసలేనా? (కడప)

జవాబు: మాటలు ఆయనవి. వరుసలు చాలావరకు మన కాలంవి. అన్నమయ్య (1408–1503) పాటలు తిరుమల గుడిలో రాగిరేకుల మీద దొరికాయి. 32,000 రాశాడని చెబుతారు, మనకు దక్కినవి అందులో సగం కన్నా తక్కువ. రేకు మీద పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది. స్వరాలు ఉండవు. అంటే వంటకం పేరు, కావలసిన సామాను ఉన్నాయి, వండిన తీరు మాత్రం జాడ లేదు.

ఆ రేకుల ముందు కూర్చున్నవాళ్లలో మావాడొకాయన ఉన్నాడు, గర్వంగా చెప్పుకుంటాను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టాడు. మైసూరు మహారాజా కాలేజీలో చాలా ఏళ్లు తెలుగు చెప్పాడు, తర్వాత తిరుపతి చేరాడు. పాటలు పరిష్కరించడమే కాదు, ఎన్నింటికో వరుసలు కట్టి స్వరంతో అచ్చు వేయించాడు. పండితుడు అయినవాడు పాడలేడని, పాడేవాడు పండితుడు కాడని ఒక సామెతలాంటిది మా ఊళ్లో ఉండేది. శర్మగారి పేరు చెబితే అది నోరు మూసుకునేది. 1974లో మద్రాసు సంగీత అకాడెమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

ఆయన తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, ఇంకా కొందరు వరుసలు కట్టారు. కొన్ని పాటలకు రేకు మీద ఒక రాగం, ఇవాళ పాడేది ఇంకో రాగం. దాన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. నేను పట్టను. మీ అమ్మను ఏ రాగమైతే బస్సులో పాడించిందో అది పనిచేసినట్టే.

ప్రశ్న: బొమ్మ చూసి సంగీతం కట్టినవాళ్లు ఉన్నారా సార్? (ఆదోని నుంచి ఒక సంగీత విద్యార్థి)

జవాబు: ఉన్నారు నాయనా. రష్యాలో ముసోర్గ్‌స్కీ అనే సంగీతకర్త స్నేహితుడు, హార్ట్‌మన్ అనే చిత్రకారుడు 1873లో ఉన్నట్టుండి చనిపోయాడు. మరుసటేడు అతని బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. ముసోర్గ్‌స్కీ అది చూసొచ్చి ఒక్కో బొమ్మకు ఒక్కో ముక్కగా పియానో కోసం రాశాడు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఒకే వరుస మారుతూ వస్తుంది. అది చూస్తున్న మనిషి నడక. స్నేహితుడి బొమ్మల మధ్య ఈయనే నడుస్తున్నాడన్నమాట. ఆ బొమ్మల్లో చాలా ఇప్పుడు లేవు, సంగీతం ఉంది.

ఇంకోటి. ఫ్రాన్సులో దెబూసీ సముద్రం మీద వాద్యబృంద రచన చేశాడు. 1905లో అది అచ్చయినప్పుడు అట్ట మీద జపాను హొకుసాయి గీసిన పెద్ద కెరటం వేయించుకున్నాడు. ఆ కెరటం నీలం చూశావా? హొకుసాయి దాన్ని 1831 ప్రాంతంలో అచ్చు వేసినప్పుడు వాడింది ప్రష్యన్ నీలం, 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు. ఐరోపా నుంచి జపానుకు పోయిన నీలం కెరటమై తిరిగొచ్చి ఒక సంగీతం పుస్తకం అట్టెక్కింది. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీ కూడా తలెత్తేది.

మనకూ రాగమాల చిత్రాలున్నాయి. రాగాన్ని ఒక నాయికగానో నాయకుడిగానో గీసినవి. అక్కడ దారి తిరగబడింది, రాగం ముందు, బొమ్మ వెనక.

ప్రశ్న: వాన్‌గో బతికుండగా ఒకే బొమ్మ అమ్ముడుపోయిందట. పిచ్చి పట్టినందువల్లే అంత గొప్పగా వేశాడట. నిజమేనా? (గుంతకల్లు, డిగ్రీ విద్యార్థి)

జవాబు: రెండూ సగం సగమే. ఎర్ర ద్రాక్షతోట బొమ్మను 1890లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో అన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొన్నది నిజం. కానీ అంతకు ముందు 1882లోనే చిన్నాయన ఒకాయన హేగ్ ఊరి దృశ్యాలు పెన్నుతో గీయమని డబ్బిచ్చి పురమాయించాడు. "ఒకే ఒక్కటి" అనే మాట చెప్పడానికి బాగుంటుంది, అంతే.

పిచ్చి సంగతి వింటే నాకు కోపం వస్తుంది. జబ్బు ముదిరిన రోజుల్లో ఆయన చాలావరకు కుంచె పట్టలేకపోయాడు. కుదుటపడ్డ రోజుల్లో వేశాడు. అందరికీ తెలిసిన ఆ చుక్కల రాత్రి 1889 జూన్‌లో ఆసుపత్రి కిటికీలోంచి చూసిన ఆకాశం. కానీ కిటికీలోంచి కనబడని ఊరిని కింద చేర్చాడు, వేసింది పగటిపూట. పిచ్చివాడి పని కాదు అది, లెక్క తెలిసినవాడి పని. 27 ఏళ్లకు మొదలుపెట్టి 37 ఏళ్లకు పోయాడు. ఆ పదేళ్లలో తైలవర్ణాలే 800 దాటాయి.

ఇంకో పేరు నీ నోట్‌బుక్కులో రాసుకో: జోహానా, థియో భార్య. అన్న పోయిన ఆరు నెలలకు థియో పోయాడు. చంటిబిడ్డతో ఆమె ఒక ఊళ్లో అద్దెగదుల ఇల్లు నడుపుకుంటూ, ఎవరూ అడగని బొమ్మల్ని కాపాడి, ప్రదర్శనలకు పంపి, 1914లో అన్నదమ్ముల ఉత్తరాలు అచ్చు వేయించింది. ఆమె వాటిని పాతసామాను వాడికి వేసి ఉంటే నువ్వు నాకు ఈ ఉత్తరం రాసేవాడివే కాదు.

ప్రశ్న: మోజార్ట్‌కు సాలియేరి విషం పెట్టాడా? (ప్రొద్దుటూరు)

జవాబు: లేదు, అది కథ. ఇద్దరూ ఒకే కాలపు సంగీతకర్తలు. మోజార్ట్ కొడుక్కి పాఠం చెప్పినవాళ్లలో సాలియేరి ఉన్నాడు. దీనికన్నా మంచి కథ వినండి. 1784 మే 27న మోజార్ట్ మన గోరువంక జాతి పిట్టను కొన్నాడు. అది పాడిన వరుసను ఖర్చుల పుస్తకంలోనే స్వరాలతో రాసి, పక్కన "బాగుంది!" అని పెట్టుకున్నాడు. ఆ వరుస ఆయనే కొద్ది వారాల ముందు ముగించిన పియానో రచనలోది, పిట్ట ఒకటి రెండు స్వరాలు మార్చింది. ధర్మవరం అమ్మాయ్, చూశావా, పిట్ట కూడా.

ప్రశ్న: మైకెలాంజెలో రోములోని సిస్టీన్ ప్రార్థనాలయం పైకప్పును నాలుగేళ్లు పడుకొని వేశాడంటారు... (తాడిపత్రి)

జవాబు: నిలబడి, మెడ వెనక్కి విరిచి వేశాడు, 1508 నుంచి 1512 దాకా. గొంతుకింద గడ్డ లేచిందని, రంగు మొహం మీద కారుతోందని స్నేహితుడికి పద్యం రాసి తిట్టుకున్నాడు. పడుకొని చూసినవాణ్ణి నేను, లేపాక్షిలో.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. కర్నూలులో సైన్‌బోర్డులు రాసేవాణ్ణి. ఈమధ్య తెలుపు రాస్తే పసుపంటున్నారు, నీలం రాస్తే నల్లగా ఉందంటున్నారు. చెయ్యి బాగుంది, రంగే మోసం చేస్తోంది.

జవాబు: అన్నా, రంగు కాదు, కంటిపొర. ముందు కంటి డాక్టరు దగ్గరికి పో, తర్వాత మిగతాది చదువు.

తామరకొలను బొమ్మల మోనే ఉన్నాడే, ఆయనకు 1912లో శుక్లాలని తేల్చారు. ఆపరేషనంటే భయపడి పదేళ్లు లాక్కొచ్చాడు. ఆ రోజుల్లో తోటలోని జపాను వంతెనను వేసిన బొమ్మలు చూడు, అంతా ఇటుకరంగు, తుప్పురంగు. ట్యూబుల మీద పేర్లు చూసి రంగు తీసుకునేవాడు, పలక మీద ఏది ఎక్కడ ఉండాలో ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టుకునేవాడు. ఇది నువ్వు రేపే చెయ్యగలిగిన పని, డబ్బాల మీద పెద్దక్షరాలతో పేర్లు రాసుకో. 1923లో కుడికంటికి కోయించుకున్నాక లోకమంతా నీలంగా కనబడుతోందని మొరపెట్టుకున్నాడు. రంగు కళ్లద్దాలతో సర్దుకొని మళ్లీ పనిలో పడ్డాడు. పారిస్‌లో ఆ పెద్ద తామరకొలను గదులు 1927లో తెరిచారు, అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నాకు కుడికంటికి మొన్న వేసవిలో చేశారు. కట్టు విప్పిన రోజు ఒక కన్ను మూసి ఒకటి తెరుస్తూ ఇంట్లో తిరిగాను. ఎడమకంటికి వసారా గోడ పాతకాగితంలా, కుడికంటికి లేత నీలంగా ఉంది. ఆ గోడకు వేయించింది లేత నీలమేనని పదేళ్లుగా మా ఆవిడ చెబుతూనే ఉంది, అది వెలిసిన తెలుపని డ్రాయింగు మాస్టరు హోదాలో నేను కొట్టిపారేస్తూనే ఉన్నాను. రెండో కన్ను వచ్చే నెల. అంతవరకు ఈ ఇంట్లో రంగుల విషయం ఆవిడే చూసుకుంటోంది.