కళ్ళు లేని సూక్ష్మజీవులకు రంగులు ఎలా తెలుస్తాయి?

తెలుస్తాయండీ, అనుమానమే అక్కర్లేదు. కాకపోతే వాటికి రంగంటే చాలావరకు తిండి, లేదంటే ప్రమాదం.

డిగ్రీలో ఉండగా మా ఊరి కోనేట్లోంచి పచ్చగా చిక్కబడ్డ నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళాను. మైక్రోస్కోపులో చూస్తే నిండా యూగ్లీనాలే, అంటే ఈదులాడే పచ్చటి ఏకకణ జీవులు. ఆ నీళ్ళు గాజు గొట్టంలో పోసి, చుట్టూ నల్ల కాగితం చుట్టి, రెండు చోట్ల చదరంగా కత్తిరించాను. ఒక కంతకు నీలం జిలటిన్ పేపరు, రెండోదానికి ఎర్రది అంటించి, ల్యాబ్ కిటికీ దగ్గర పెట్టి భోజనానికి పోయాను. వచ్చి కాగితం విప్పితే నీలం ఉన్నచోట పచ్చటి మచ్చ, కత్తిరించిన చదరం అంతే ఉంది! అటెండరు దాన్ని పాచి అనుకుని గుడ్డతో తుడవబోయాడు. మచ్చ ఉన్నది గాజు లోపలివైపు. ఎరుపు దగ్గర మాత్రం ఏమీ లేదు.

లెక్చరర్ గారు చూసి "ఇది సిలబస్‌లో లేదు, రికార్డు రాశావా?" అన్నారు. రికార్డంటే ఏముంది, సీనియర్ల బొమ్మలు ట్రేస్ చేయడమే. మైక్రోస్కోపులు బీరువాలో, తాళం ఎవరి దగ్గరో. మన సైన్సు చదువు ఇలాగే తగలడింది.

ఇంకో చిరాకు. యూగ్లీనాలోని ఎర్రటి కంటిచుక్కే వెలుతురును చూస్తుందని ఇప్పటికీ చెబుతుంటారు. అది ఉత్త గొడుగు. అసలు పని కశాభం (ఈదడానికి వాడే తోకలాంటి పోగు) మొదట్లో ఉండే చిన్న ఉబ్బుది. యూగ్లీనా గిరగిరా తిరుగుతూ ఈదుతుంది కదా, వెలుతురు పక్కనుంచి పడితే చుట్టుకోసారి కంటిచుక్క నీడ ఆ ఉబ్బు మీద పడుతుంది. దిక్కు అలా తెలుస్తుంది. ఉబ్బులోని ప్రోటీన్‌ను 2002లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. నీలి కాంతి తగలగానే అది సైక్లిక్ ఏఎంపీ అనే, కణం లోపల కబురు మోసే రసాయనాన్ని తయారుచేస్తుంది, దాంతో ఈత తీరు మారిపోతుంది. ఎర్ర కాంతిని అది పీల్చుకోనే పీల్చుకోదు.

ఉప్పు మడుల్లో నీళ్ళు చిక్కబడ్డాక ఎర్రబడటం చూశారా? అలాంటి నీళ్ళలో బతికే హాలోబాక్టీరియం ఇంకా గడుసుది. నారింజ కాంతివైపు పోతుంది, అతినీలలోహిత కాంతి తగిలితే వెనక్కి మళ్ళుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు వెలుతురుతోనే శక్తి తయారుచేసుకుంటుంది మరి, పనికొచ్చే రంగేదో దానికి తెలియాలి కదా.

మీరూ చేసి చూడండి. గొట్టాన్ని ఎర్రటి ఎండలో మాత్రం పెట్టకండి. వెలుతురు మరీ ఎక్కువైతే యూగ్లీనాలు నీలం దగ్గర్నుంచి కూడా పారిపోతాయి.