లిఫ్టులో పలకరిస్తే ఏమనుకుంటారో? (మీ ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మేడం, నేను చిత్తూరులో గవర్నమెంట్ ఉద్యోగం చేసి రిటైరయ్యా, ఇప్పుడు తిరుపతి బైపాస్ పక్కన మావాడి ఫ్లాట్‌లో ఉంటున్నా. కొడుకూ కోడలూ పొద్దున పోతే మళ్ళీ రాత్రికే. చిత్తూరులో గేటు దాటితే చాలు ఎవరో ఒకరు "ఏం సార్, ఎక్కడికి" అనేవాళ్ళు, ఇక్కడ లిఫ్టులో అందరూ ఫోన్లలో తల దూర్చుకోనుంటారు. ఒంటరితనం అంటే రోజుకు 15 సిగరెట్లు తాగినట్టేనని మొన్న వాట్సాప్‌లో వచ్చింది. నేను జన్మలో బీడీ కూడా ముట్టలేదు. ఇది నిజమేనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, తిరుపతి

జవాబు: సార్, ముందు ఆ సిగరెట్ల సంగతి తేల్చేద్దాం. ఆ మాట గాల్లోంచి రాలేదు, 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆమె టీమూ 148 స్టడీలను, అంటే 3 లక్షల మందికి పైగా జనం వివరాలను ఒకచోట వేసి చూశారు, నలుగురితో మంచిగా ఉండేవాళ్ళు ఆ స్టడీలు నడిచినన్నాళ్ళూ బతికుండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది, ఆ తేడా ఎంత పెద్దదో జనానికి తెలియాలని సిగరెట్లతో పోల్చారు. అది లక్షల మంది లెక్క సార్, మీ ఊపిరితిత్తుల రిపోర్టు కాదు. అలాగని తీసిపారేసేదీ కాదు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన రిపోర్టులో ప్రతి 6 మందిలో ఒకరికి ఈ ఒంటరితనం బాధ ఉందన్నారు, అందులోనూ పెద్దోళ్ళ కంటే వయసు పిల్లల్లోనే ఎక్కువంట. అంటే లిఫ్టులో ఫోన్ చూసుకునే ఆ కుర్రోడు కూడా మీ బ్యాచే అయ్యుండొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అని ఇద్దరు సైకాలజీ పరిశోధకులు రోజూ రైల్లో ఆఫీసుకు పోయేవాళ్ళను పట్టుకున్నారు. కొందరికి పక్కన కూర్చున్న కొత్తమనిషితో మాట్లాడమన్నారు, కొందరికి నోరు మెదపకుండా కూర్చోమన్నారు, మిగిలినోళ్ళకు రోజూ ఎట్లా పోతారో అట్లాగే పొమ్మన్నారు. వేరే ప్రయాణికులను ముందే అడిగితే, తెలియనోళ్ళతో మాట్లాడే ప్రయాణమే అన్నిటికంటే చెత్తగా ఉంటుందన్నారు. తీరా చూస్తే మాట్లాడినోళ్ళదే బాగా గడిచింది. ఇది 2014లో అచ్చయింది. లండన్ వాళ్ళు ముభావంగా ఉంటారు కదా, అక్కడ కుదరదులే అన్నారు కొందరు, తర్వాత అక్కడి రైళ్ళలోనూ చేస్తే అదే తేలింది. భయమంతా మాట మొదలుపెట్టడం దగ్గరే, మొదలయ్యాక ఏమీ లేదు.

మన అలిపిరి మెట్లే చూడండి. 3550 మెట్లు, ఎవరు ఎవరికీ తెలీదు, అయినా "స్వామీ, గాలిగోపురం ఇంకెంత దూరం" అని ఒకరు అడిగితే పక్కనోళ్ళు నీళ్ళ బాటిల్ కూడా ఇచ్చేస్తారు. అదే మనిషి ఇంటికొచ్చి లిఫ్ట్ ఎక్కితే మూగోడైపోతాడు, ఎందుకంటే అక్కడ అడగడానికి సాకు లేదు. సాకు మీరే తయారు చేసుకోవాలి సార్, నీళ్ళ ట్యాంకర్ వచ్చిందా, కరెంటు ఎప్పుడు పోయింది, ఏదో ఒకటి. మొదటిరోజే స్నేహం కుదరాలని పెట్టుకోకండి, అట్లా పెట్టుకునే నాలాంటోళ్ళు అసలు నోరే తెరవరు.

ఇంకోటి, ప్రాణస్నేహితులే కావాలని లేదు. జిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే పరిశోధకురాలు టొరంటోలో చదువుకునేటప్పుడు రోజూ దార్లో హాట్‌డాగ్ బండి ఆవిడకు చెయ్యి ఊపి నవ్వేదంట, ఆవిడ కనపడని రోజు ఏదో వెలితిగా ఉండేదంట, ఆ అనుభవమే ఆమెను ఈ రీసెర్చ్ వైపు లాగింది. కాఫీ షాపులో డబ్బులు తీసుకునేవాళ్ళతో రెండు మాటలు మాట్లాడినోళ్ళు, గబగబా కొనుక్కుని పోయినోళ్ళ కంటే హుషారుగా ఉన్నారని 2014లో ఎలిజబెత్ డన్ అనే ఇంకో పరిశోధకురాలితో కలిసి చూపించింది. మీరు కూడా రోజూ ఒకే టైముకు ఒకే ఇడ్లీ బండికి పోండి, ప్రకాశం పార్కులో ఒకే బెంచీ మీద కూర్చోండి, మొహం అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

అయితే ఒకటి, నిద్ర పట్టకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం వారాల తరబడి ఉంటే ఇడ్లీ బండితో తేలే విషయం కాదది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ కూడా ఉంది.

ప్రశ్న: అక్కా, ఇంటర్‌లో నా క్లోజ్ ఫ్రెండ్‌కి పెళ్ళయి మదనపల్లికి పోయింది, ఫోన్ చేసి ఏళ్ళయింది. ఇప్పుడు చేస్తే ఏదో అవసరమొచ్చి చేసింది అనుకుంటుందేమో?
– ఒక పీజీ స్టూడెంట్, తిరుపతి

జవాబు: అనుకోదు తల్లీ, అనుకున్నా రెండు నిమిషాలే. 2022లో పెగ్గీ లియూ అనే పరిశోధకురాలి టీమ్ స్టడీలు చెప్పిందేందంటే, అనుకోకుండా పలకరింపొస్తే అవతలోళ్ళు ఎంత సంతోషపడతారో పంపేవాళ్ళు తక్కువ అంచనా వేస్తారు. మరి తెలిసినా ఎందుకు చెయ్యం? పైన చెప్పిన శాండ్‌స్ట్రామ్, లారా ఆక్నిన్ అనే ఇంకో పరిశోధకురాలు 2024లో ఇదే చూశారు, టైమిచ్చి, నంబరు చేతిలో ఉన్నా మూడోవంతు మంది కూడా పాత ఫ్రెండ్‌కు మెసేజ్ పంపలేదంట. ముందు కాసేపు, ఇప్పుడు టచ్‌లో ఉన్నోళ్ళకు మెసేజ్‌లు పెట్టించి ఆ తర్వాత అడిగితే సగం మందికి పైగా పంపారు. నువ్వూ హాస్టల్ గ్రూపులో నాలుగు మెసేజ్‌లు కొట్టి ఆ వేడి మీదే ఆమెకు పంపెయ్. ముందే "పనేం లేదు, ఊరికే గుర్తొచ్చావ్" అని రాయి, గొడవ లేదు. తర్వాత వీలైతే ఫోన్ చెయ్, రాతలో కంటే గొంతు వింటే దగ్గరగా అనిపిస్తుందని వేరే స్టడీ ఉంది.

ప్రశ్న: ఈ సైకాలజీ స్టడీల్లో సగం ఉత్తుత్తివేనంట కదా?
– ఒక లెక్చరర్, చిత్తూరు

జవాబు: ఉత్తుత్తివి కాదు, కానీ మీ డౌటు న్యాయమైందే. 2015లో 100 స్టడీలను మళ్ళీ చేసి చూస్తే 36 శాతమే నిలబడ్డాయి. పెన్ను పళ్ళ మధ్య పెట్టుకుంటే మొహం నవ్వినట్టయి కార్టూన్లు ఇంకా తమాషాగా అనిపిస్తాయని 1988లో చెప్పారు, 2016లో 17 ల్యాబులు చేస్తే రాలేదు. ఇంకో లోటు, సైకాలజీ స్టడీల్లో ఎక్కువమంది అమెరికా, యూరప్ లాంటి చోట్లవాళ్ళే, అందులోనూ చాలామంది కాలేజీ పిల్లలు, మన ఉమ్మడి కుటుంబం పెద్దాయనకు అవి ఎంతవరకు అతుకుతాయో ఇక్కడ చేసి చూడాల్సిందే. నేనైతే రెండు దేశాల్లో, వేరే వేరే మనుషుల మీద చేసినా అదే వచ్చినవాటికి ఎక్కువ మార్కులేస్తా. "సైన్స్ నిరూపించింది" అని మొదలయ్యే ఫార్వర్డులను మాత్రం తెరవను.