టెక్ సందేహాలు: మైనర్ లీగ్ కుర్రాళ్ళకు యాప్ వేసే మార్కులు నమ్మొచ్చా?

బేస్‌బాల్ సీజన్ మొదలైన దగ్గర్నుంచీ ఒకే రకం మెయిల్స్ వస్తున్నాయి. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు ఆఫీసు స్నేహితులతో కలిసి ఫ్యాంటసీ లీగుల్లో, అంటే నిజం ఆటగాళ్ళతో ఊహా జట్లు కట్టుకునే ఆటల్లో, అందులోనూ డైనస్టీ లీగుల్లో చేరుతున్నారు. తీసుకున్న ఆటగాణ్ణి ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకునే లీగులు ఇవి. కాబట్టి ఇంకా మైనర్ లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌కి కింది మెట్లలో, ఆడుతున్న కుర్రాళ్ళలో ఎవరు పైకొస్తారో ముందే పసిగట్టినవాళ్ళదే పైచేయి. ఆ పసిగట్టే పనిని అందరూ యాప్‌లకు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లకు, స్ప్రెడ్‌షీట్లకు అప్పగిస్తున్నారు. సందేహాలన్నీ వాటి గురించే. పాయింట్లు ఎలా వస్తాయో చెప్పకుండా నేరుగా విషయంలోకి వెళ్తున్నాను.

ఫ్రిస్కో (టెక్సస్) నుంచి ఒక పాఠకుడు: మా ఊళ్ళోనే రఫ్‌రైడర్స్ అనే డబుల్-ఎ (మైనర్ లీగ్‌లో పై నుంచి రెండో మెట్టు) జట్టు ఉంది. పిల్లలతో మ్యాచ్‌లకు వెళ్తుంటాం. అక్కడ బాగా ఆడిన ఒక బ్యాటర్‌ని నా టీమ్‌లోకి తీసుకుందామనుకున్నాను. నేను డబ్బు కట్టి వాడుతున్న యాప్ అతనికి 100కి 61 మార్కులే ఇచ్చింది. దాని పై మెట్టు ట్రిపుల్-ఎలో, ఆల్బకర్కీ జట్టుకి ఆడే ఇంకొకతనికి 84 ఇచ్చింది. ఇద్దరికీ ఎగ్జిట్ వెలాసిటీ కూడా చూపిస్తోంది. ఎవరిని తీసుకోమంటారు?

ముందు ఆ ఎగ్జిట్ వెలాసిటీ ఎక్కడి నుంచి వచ్చిందో యాప్ వాళ్ళను అడగండి. బ్యాట్‌ని తాకిన బంతి ఎంత వేగంతో వెళ్ళిందో కొలిచే కెమెరాల లెక్కలను మేజర్ లీగ్ బేస్‌బాల్ తన సైట్‌లో అందరికీ ఉచితంగా ఇస్తోంది. కానీ మైనర్ లీగుల్లో అన్ని మెట్లకూ ఇవ్వడం లేదు. సింగిల్-ఎ స్థాయిలో ఫ్లోరిడా స్టేట్ లీగ్‌కి 2021 నుంచి, ట్రిపుల్-ఎ మొత్తానికి 2023 నుంచి ఇస్తోంది. మీ ఫ్రిస్కో ఉన్న డబుల్-ఎకి అలా ఇవ్వడం లేదు. లెక్కలు క్లబ్బుల దగ్గర ఉంటాయి, మన దాకా రావు. కాబట్టి ఆల్బకర్కీ కుర్రాడి పక్కన కనిపించేది కొలిచిన అంకె. మీ ఫ్రిస్కో కుర్రాడి పక్కన ఉన్నది చాలావరకు ఎవరో వేసుకున్న అంచనా. రెండింటినీ ఒకే రంగులో, ఒకే సైజులో, దశాంశ స్థానంతో సహా పక్కపక్కన పెట్టడం నాకు చాలా తప్పుగా అనిపిస్తుంది. అంచనా అయితే అంచనా అని రాయాలి. డబ్బు తీసుకుంటున్నవాళ్ళు ఆ మాత్రం చెయ్యాలి.

రెండోది, ఆల్బకర్కీ. ఆ ఊరు సముద్రమట్టానికి 5,000 అడుగులకు పైన ఉంది. గాలి పలచగా ఉంటుంది కాబట్టి బంతి ఎక్కువ దూరం పోతుంది, పిచ్చర్ వేసే కర్వ్ బంతి తక్కువ తిరుగుతుంది. రీనో, సాల్ట్ లేక్ కూడా ఎత్తు మీదున్న ఊళ్ళే. ఈ జట్లన్నీ ఆడే ట్రిపుల్-ఎ పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఇలాంటి మైదానాలు ఎక్కువ. అక్కడి హోమ్‌రన్లు చూసి మురిసిపోకూడదు, అక్కడి పిచ్చర్ల ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్స్, తక్కువైతే మేలు) చూసి ముఖం చిట్లించకూడదు. పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ 2013లో లాస్ వేగాస్‌లో ట్రిపుల్-ఎ ఆడినప్పుడు అతని ఈఆర్ఏ 4కి పైనే. మరుసటి ఏడాది అతనే మేజర్ లీగ్‌లోని నేషనల్ లీగ్‌లో రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. తర్వాత 2018లో, 2019లో వరుసగా మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే 2010 డ్రాఫ్ట్‌లో 9వ రౌండ్ దాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు.

మూడోది వయసు. మీరు రాసిన మెయిల్‌లో ఇద్దరి వయసూ లేదు, యాప్ కూడా దాన్ని మూడో పేజీలో దాచి ఉంటుంది. డబుల్-ఎలో ఎక్కువమంది 23, 24 ఏళ్ళవాళ్ళు. 20 ఏళ్ళ కుర్రాడు వాళ్ళ మధ్య నిలదొక్కుకుంటే, సగటు మామూలుగా ఉన్నా అతన్ని వదలకూడదు. 26 ఏళ్ళతను తనకంటే చిన్నవాళ్ళ బౌలింగ్‌ని చితక్కొడితే అందులో వింత లేదు. ఆపైన డబుల్-ఎ అంటే మామూలు మెట్టు కాదు. మొదటిసారి తెలివైన పిచ్చర్లు ఎదురయ్యేది అక్కడే. ఫ్రిస్కోలో బ్యాటర్ సగటు చూడకండి. ఎన్నిసార్లు స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులకు అవుట్) అవుతున్నాడు, ఎన్ని వాక్స్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా మొదటి బేస్) తెచ్చుకుంటున్నాడు, బ్యాట్ ఊపినప్పుడు ఎన్నిసార్లు బంతి తగలకుండా పోతోంది, ఇవి చూడండి. వీటికి ఆ కెమెరాలు అక్కర్లేదు, బంతి బంతికీ రాసే స్కోరే చాలు. 2023లో డ్రాఫ్టయిన వయాట్ లాంగ్‌ఫర్డ్ అదే ఏడాది మీ ఫ్రిస్కో మీదుగా ట్రిపుల్-ఎకి వెళ్ళి, 2024 సీజన్ మొదటి రోజునే మేజర్ లీగ్‌లో రేంజర్స్ జట్టుకి ఆడాడు. అలాంటి కుర్రాడికి యాప్ మార్కు వారం ఆలస్యంగా మారినా మీ లీగ్‌లో ఇంకెవరో ఎగరేసుకుపోతారు.

ఇక ఏ యాప్ మార్కులోనూ నాకు కనబడని విషయం ఒకటుంది. మైనర్ లీగ్ అంటే కొత్త రూల్స్‌ని పరీక్షించే చోటు కూడా. 2023 సీజన్ మొదటి సగంలో డబుల్-ఎ సదరన్ లీగ్‌లో ముందే పట్టు ఉండేలా జిగట పూత పూసిన బంతులు వాడి చూశారు. స్ట్రైకవుట్లు పెరిగాయి. సీజన్ మధ్యలో ఆపేశారు. అదే ఏడాది ట్రిపుల్-ఎలో వారంలో సగం మ్యాచ్‌లకు బాల్స్, స్ట్రైక్స్ (పిచ్చర్ వేసింది చెడ్డ బంతా, సరైన బంతా అన్నది) మెషీనే చెప్పింది. మిగతా సగంలో అంపైర్ చెబితే ఆటగాడు చాలెంజ్ చేసే పద్ధతి నడిచింది. 2024 మధ్య నుంచి చాలెంజ్ ఒక్కటే మిగిలింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక పిచ్చర్ తీసిన స్ట్రైకవుట్లనీ, ఈ ఏడాది ఏప్రిల్‌లో తీసిన స్ట్రైకవుట్లనీ ఒకే గాటన కట్టి ‘మూడేళ్ళ ట్రెండ్’ అని గీత గీస్తే ఆ గీతకి అర్థం లేదు.

అన్నీ సరిగ్గా చూసినా తప్పుతుంది, అది వేరే సంగతి. 2022 డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాడు జాక్సన్ హాలిడే. 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌కి వచ్చినప్పుడు అతన్ని మించిన ప్రాస్పెక్ట్ (పైకొస్తాడని ఆశ పెట్టుకున్న కుర్రాడు) లేడన్నారు. మొదటి 34 ఎట్-బ్యాట్స్‌లో, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో, 2 హిట్లు, 18 స్ట్రైకవుట్లు. పది మ్యాచ్‌లకే వెనక్కి పంపేశారు. అప్పుడు కంగారుపడి అతన్ని వదిలేసినవాళ్ళు ఎందరో. వయసు చూసి ఉంటే వదిలేవాళ్ళు కాదు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు.

మీ ప్రశ్నకి సూటిగా: ఇద్దరి వయసూ చూడండి. ఫ్రిస్కో కుర్రాడు రెండేళ్ళు చిన్నవాడైతే అతన్నే తీసుకోండి.

జెర్సీ సిటీ నుంచి: యాప్‌లు నమ్మక నా సొంత స్ప్రెడ్‌షీట్ తయారు చేసుకున్నాను. పిచ్చర్ల ఈఆర్ఏ అధికారిక సైట్‌లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది. ఒక ఆటగాడి వరసలోకి ఇంకొకరి లెక్కలు వచ్చేస్తున్నాయి. ఫార్ములా మూడుసార్లు సరిచూశాను.

ఫార్ములాలో తప్పు లేదు, ఇన్నింగ్స్‌లో ఉంది. బేస్‌బాల్‌లో 5.2 అంటే ఐదూ, పదింట రెండు వంతులు అని కాదు, 5 ఇన్నింగ్స్, ఆపైన 2 అవుట్లు. ఒక ఇన్నింగ్స్‌కి 3 అవుట్లు. అంటే 5 ఇన్నింగ్స్, మూడింట రెండు వంతులు. షీట్‌కి ఆ సంగతి తెలీదు. ఒక పిచ్చర్ మూడు మ్యాచ్‌ల్లో 5.2 చొప్పున వేసి మొత్తం 7 ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డింగ్ తప్పుల వల్ల కాకుండా వచ్చినవి) ఇచ్చాడనుకోండి. అసలు లెక్క 17 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 3.71. మీ షీట్ 15.6 అని కూడి 4.04 చూపిస్తుంది. మంచి పిచ్చర్ని పక్కన పెట్టడానికి ఆ తేడా చాలు. చుక్క ముందు అంకెను, చుక్క తర్వాతి అంకెను రెండు కాలమ్స్‌లోకి విడదీసి, రెండోదాన్ని 3తో భాగించి కలపండి. సీజన్ మొత్తానికీ సరిపోతుంది.

రెండో ఇబ్బంది పేర్లతో వెతకడం వల్ల. మ్యాక్స్ మన్సీ అనే పేరుతో ఇద్దరున్నారు. ఒకరు డాడ్జర్స్ జట్టు, ఇంకొకరు అథ్లెటిక్స్ జట్టు. ఇద్దరూ ప్రొఫెషనల్‌గా మొదట చేరింది అథ్లెటిక్స్‌లోనే. పుట్టినరోజూ ఇద్దరిదీ ఆగస్టు 25, ఒకరిది 1990, ఇంకొకరిది 2002. పేరుకి నెల, తేదీ జోడించినా షీట్ తికమక పడుతుంది. ప్రతి ఆటగాడికీ అధికారిక ఐడీ నంబర్ ఉంటుంది. వెతకడం దాంతోనే చెయ్యండి. స్పానిష్ పేర్లలో అక్షరాల మీది గుర్తులు చెడిపోయి పిచ్చి గీతలు వస్తుంటే, ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి తెరవకుండా డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి.

సోమర్‌సెట్ కౌంటీ (న్యూజెర్సీ) నుంచి ఒక పాఠకురాలు: మా లీగ్‌లో ఒకాయన ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ లింకు పంపారు. దాన్ని వేసుకుంటే లీగ్ పేజీలోనే ప్రతి ప్రాస్పెక్ట్ పక్కన మార్కు, ట్రేడ్ (ఆటగాళ్ళ మార్పిడి) సలహా కనిపిస్తాయట. ‘అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవడానికి, మార్చడానికి’ పర్మిషన్ అడుగుతోంది. ఫ్యాంటసీ అకౌంట్‌లో దొంగలకు ఏం దొరుకుతుందిలే అని మావారంటున్నారు. ఒప్పుకోవచ్చా?

వద్దండీ. ఈ వారం వచ్చిన మెయిల్స్ అన్నింటిలో నాకు టెన్షన్ పెట్టింది ఇదే.

మీవారు ఫ్యాంటసీ అకౌంట్ సంగతే ఆలోచిస్తున్నారు. ఆ పర్మిషన్ దానికి కాదు, బ్రౌజర్ మొత్తానికి. అదే బ్రౌజర్‌లో మీ బ్యాంకు ఉంటుంది, ఇమిగ్రేషన్ అకౌంట్ ఉంటుంది, పిల్లల స్కూల్ పోర్టల్ ఉంటుంది, అన్నింటికీ పాస్‌వర్డ్ రీసెట్ లింకులు వచ్చే ఈమెయిల్ ఉంటుంది. ఆ పేజీల్లో మీరు టైప్ చేసేదీ, మీకు కనిపించేదీ ఎక్స్‌టెన్షన్ చదవగలదు. ఈ రోజు దాన్ని రాసినవాడు మంచివాడే కావచ్చు. రేపు ఇంకొకరికి అమ్మేస్తాడు, కొన్నవాళ్ళు ఒక అప్‌డేట్ పంపుతారు, అది మీకు తెలియకుండానే ఎక్కేస్తుంది. ఉచిత ఎక్స్‌టెన్షన్ల విషయంలో ఇలా జరగడం కొత్త కాదు. తప్పనిసరిగా వాడాలంటే బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ పెట్టి అందులో లీగ్ తప్ప ఏదీ తెరవకండి. సైట్ యాక్సెస్ దగ్గర లీగ్ సైట్ ఒక్కదానికే అనుమతి ఇవ్వండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం అసలే వద్దు.

ప్రాస్పెక్ట్‌ల మీద రాసుకున్న నోట్స్‌లో ఏముంటుందిలే అనుకునేవాళ్ళు హ్యూస్టన్ కోర్టు కేసు గుర్తుంచుకోవాలి. హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు తన స్కౌట్ల (కుర్రాళ్ళ ఆట చూసొచ్చేవాళ్ళ) రిపోర్టులు, ట్రేడ్ చర్చలు అన్నీ గ్రౌండ్ కంట్రోల్ అనే డేటాబేస్‌లో పెట్టుకునేది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే ఇంకో జట్టు నుంచి ఆస్ట్రోస్‌కి మారిన ఒక ఉద్యోగి వెళ్ళేటప్పుడు పాత ల్యాప్‌టాప్‌నీ, దాని పాస్‌వర్డ్‌నీ అప్పగించాడు. కొత్త చోట కూడా దాదాపు అలాంటి పాస్‌వర్డే పెట్టుకున్నాడు. కార్డినల్స్‌లో పనిచేసే క్రిస్ కొరేయా దాన్ని కొంచెం అటూఇటూ మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. 2013 డ్రాఫ్ట్ జరుగుతున్నప్పుడూ, జులై 31 ట్రేడ్ గడువు నాడూ వాళ్ళ నోట్స్ చదివాడు. 2014 మార్చిలో ఆస్ట్రోస్ డేటాబేస్ అడ్రస్ మార్చి, అందరికీ కొత్త పాస్‌వర్డ్‌ని ఈమెయిల్‌లో పంపింది. కొరేయా ఆ ఈమెయిల్ అకౌంట్‌లోకే దూరి కొత్త అడ్రస్, కొత్త పాస్‌వర్డ్ రెండూ తీసుకున్నాడు. 2016 జనవరిలో నేరం ఒప్పుకున్నాడు. జులైలో 46 నెలల జైలు శిక్ష పడింది. 2017లో కార్డినల్స్ తమ మొదటి రెండు డ్రాఫ్ట్ పిక్‌లనీ, 20 లక్షల డాలర్లనీ ఆస్ట్రోస్‌కి ఇవ్వాల్సి వచ్చింది.

అందులో పెద్ద హ్యాకింగ్ విద్య ఏమీ లేదు. పాత పాస్‌వర్డ్ చివర ఒక అంకె మార్చి కొత్తది అనుకునే అలవాటు, ఆ అలవాటు తెలిసిన పాత సహోద్యోగి, అంతే. మీ లీగుల్లో ఉన్నదీ ఆఫీసువాళ్ళే కదా. లీగ్ నడిపే కమిషనర్ లాగిన్‌ని వాట్సాప్ గ్రూపులో పెట్టి నలుగురూ వాడుకుంటున్నామని చాలామంది రాస్తున్నారు. అందులో ఒకరు ఉద్యోగం మారి వెళ్ళిపోయినా పాస్‌వర్డ్ మార్చరు. ఈ రోజే మార్చండి. రెండు మెట్ల వెరిఫికేషన్ ఆన్ చెయ్యండి, ముందు ఈమెయిల్‌కి, తర్వాత లీగ్‌కి. పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టించే పొడవాటి పాస్‌వర్డ్ ఒక్కో సైట్‌కి ఒక్కోటి ఉండాలి. గుర్తుపెట్టుకోగలిగిన పాస్‌వర్డ్‌ని మిమ్మల్ని తెలిసినవాళ్ళు ఊహించగలరు.

యాప్‌లు తయారు చేసేవాళ్ళకీ ఒక మాట. ఈ ఎక్స్‌టెన్షన్ల వెంట జనం పడడానికి కారణం మీరే. మొన్నటి దాకా ప్రాస్పెక్ట్ జాబితాని వయసు ప్రకారం, లీగ్ ప్రకారం వడపోసి డౌన్‌లోడ్ చేసుకునే వీలుండేది. అప్‌డేట్ పేరుతో అది తీసేసి, నిలువునా తిప్పుకుంటూ పోయే కార్డులు పెట్టారు. వయసు కాలమ్ పోయింది. మార్కు ఏ తేదీన వేశారో రాయరు, ఏ లెక్కలతో వేశారో చెప్పరు. ఆ స్థలంలో బెట్టింగ్ ప్రకటనలు మాత్రం వచ్చాయి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి పేరు పక్కన బెట్టింగ్ బటన్ పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. పాత వడపోత తిరిగి పెట్టండి. చదివేవాళ్ళు లెక్క తామే వేసుకుంటారు.

హైదరాబాద్ నుంచి: నేను నైట్ షిఫ్ట్‌లో అమెరికా టీమ్‌తో పనిచేస్తాను. వాళ్ళ లీగ్‌లో చేరమన్నారు. ఫీజు 50 డాలర్లు. ఇక్కడ ప్లే స్టోర్‌లో ఆ యాప్ లేదు, ఏపీకే ఫైల్ పంపారు.

ఏపీకే వేసుకోకండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేల వల్ల మన దగ్గర ఖాతాలు ఖాళీ అయిన కేసులు చాలానే ఉన్నాయి. ఇక ఫీజు కట్టి ఆడే లీగ్‌కి దూరంగా ఉండండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. డబ్బు లేని లీగ్‌లో చేర్చుకోమనండి, బ్రౌజర్‌లోనే ఆడండి. ఒక్క జాగ్రత్త: లైనప్ (ఆ రోజు ఆడించే ఆటగాళ్ళ జాబితా) లాక్ అయ్యే టైమ్‌ని చాలా సైట్లు ఈస్టర్న్ టైమ్‌లో చూపిస్తాయి. సీజన్‌లో మనకూ దానికీ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ సాయంత్రం 7:05 మ్యాచ్ అంటే మనకు తెల్లవారుజామున 4:35. షిఫ్ట్ అయ్యాక చూద్దాంలే అనుకోకుండా బ్రేక్‌లోనే లైనప్ పెట్టేయండి.