మీ ప్రశ్నలు – మా జవాబులు: మగవాళ్ళూ, యోగా మీక్కూడా

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం మగవాళ్ళ ఆరోగ్యం గురించే. చాలావరకు వాళ్ళ భార్యలు రాసినవే. స్వయంగా రాసినవాళ్ళలో కొందరు పేరు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: మా వారికి 44 ఏళ్ళు, ఆఫీసులో కూర్చుని చేసే పని, పొట్ట వచ్చేసింది. 2025 జూన్ 21న ఇక్కడ విశాఖ బీచ్‌లో యోగా దినోత్సవం జరిగితే అందరితో పాటు వెళ్ళొచ్చారు. ఆ మర్నాటి నుంచి మ్యాట్ మంచం కిందే ఉంది. అదేమంటే "యోగా ఆడవాళ్ళు చేసుకునేది, చెమట కూడా పట్టదు" అంటారు. ఎలా చెప్పాలి సార్? – ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆయనకి మైసూరు సంగతి చెప్పండి. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్న ఆసనాల పద్ధతిలో చాలా భాగం 1930లలో మైసూరు మహారాజా ఆదరణతో తిరుమలై కృష్ణమాచార్య గారు నేర్పించిన చోటు నుంచి వచ్చిందే. అక్కడ నేర్చుకున్నది దాదాపు అందరూ మగపిల్లలే. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఇద్దరూ ఆయన శిష్యులే. ఇంద్రాదేవి అనే విదేశీ వనిత నేర్చుకుంటానని వస్తే ఆయన మొదట ఒప్పుకోలేదు, మహారాజా చెప్పాకే ఒప్పుకున్నారు. సూర్య నమస్కారాలకి దేశమంతటా ప్రచారం తెచ్చింది కూడా మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజావారు, ఒక వ్యాయామంగా. కాబట్టి ఇది ఆడవాళ్ళకి మాత్రమే అన్న మాటకి ఆధారమే లేదు.

ఇక చెమట. ఆయన చేత 6 సూర్య నమస్కారాలు నిదానంగా, ప్రతి భంగిమలో మూడు శ్వాసలు ఆగుతూ చేయించండి, చెమట దానంతట అదే పడుతుంది. కానీ దాన్నే కొలతగా పెట్టుకోవద్దని కూడా చెప్పండి. పొట్ట తగ్గాలంటే తిండి మారాలి, నడక ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతో పాటు రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయమంటోంది. నెమ్మదైన ఆసనాలతో మొదటి లెక్క తీరదు. వారంలో ఐదు రోజులు అరగంట చురుకైన నడక, దాని తర్వాత పావుగంట ఆసనాలు అంటే అందులో అన్నీ కలిసొస్తాయి. మీరు కూడా పక్కన మ్యాట్ వేసుకుంటే ఆయన మానేయడం కష్టమవుతుంది, ఇది నేను చాలా ఇళ్ళలో చూశాను.

ప్రశ్న: సార్, నేను ఆర్టీసీ డ్రైవర్‌ని, 51 ఏళ్ళు. నడుం నొప్పి పదేళ్ళ నుంచి ఉంది. బీపీకి రెండేళ్ళుగా గోళీలు వేసుకుంటున్నా, అయినా 150/95 దగ్గర ఉంటోంది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేను, మోకాళ్ళు పైకి లేస్తాయి. కపాలభాతి రోజూ చేస్తే బీపీ గోళీలు ఆపేయొచ్చని ఫోన్‌లో ఒక వీడియో చూశా. నిజమేనా? – కరీంనగర్ జిల్లా

జవాబు: అన్నా, నిజం కాదు. గోళీలు ఆపకండి. మీ బీపీ మందు వేసుకుంటున్నా అదుపులో లేదు, కాబట్టి ముందు డాక్టరు గారిని కలిసి మోతాదు చూపించుకోవాలి. అది అదుపులోకి వచ్చేదాకా కపాలభాతి, భస్త్రిక లాంటివి, గట్టిగా వేగంగా ఊపిరి కొట్టేవేవీ వద్దు. ఊపిరి బిగబట్టి కుంభకం చేయడం వద్దు. శీర్షాసనం, సర్వాంగాసనం జోలికి అసలే పోవద్దు.

మీకు పనికొచ్చేది నిదానమైన శ్వాస. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంటే నిమిషానికి దాదాపు 6 శ్వాసలు. ఈ వేగంలో ఊపిరి తీసినప్పుడు, రక్తపోటుని సర్దే నరాల వ్యవస్థ మెరుగ్గా స్పందిస్తుంది, అందుకే గుండె దడ, టెన్షన్ తగ్గినట్టు వెంటనే తెలుస్తుంది. ఆసనాలూ శ్వాసా కలిపి కొన్ని నెలలు వదలకుండా చేసినవాళ్ళకి పై అంకె సగటున నాలుగైదు పాయింట్లు తగ్గుతుంది. చిన్నదిగా కనిపించినా అది మంచి లాభమే, కాకపోతే అది మందుకి తోడు మాత్రమే, మందుని మాన్పించేంత కాదు. నైట్ హాల్ట్ డ్యూటీలో కూడా ఇది చేసుకోవచ్చు, బస్సు ఆపాక సీట్లో కూర్చునే పది నిమిషాలు చాలు. బండి నడుపుతూ మాత్రం వద్దు.

నడుం సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే మీలా సీట్లో కూర్చుని పనిచేసే మగవాళ్ళు అందరూ ఒకే చోట పొరపాటు పడుతున్నారు. గంటల తరబడి మోకాళ్ళు మడిచి కూర్చుంటే తొడ వెనక కండరాలు బిగుసుకుపోతాయి. వాటి పై కొస కూర్చునే ఎముకకి అతుక్కుని ఉంటుంది. మీరు నిలబడి ముందుకి వంగి కాలి వేళ్ళు పట్టుకోవాలని చూసినప్పుడు, ఆ కండరాలు సాగక తుంటి కదలదు, దాంతో వంపు మొత్తం నడుం మీద పడుతుంది. పాత డిస్క్ నొప్పి ఉన్నవాళ్ళకి సరిగ్గా అదే కొత్త బాధ తెచ్చిపెడుతుంది. కాబట్టి పాదహస్తాసనం మీకు ఇప్పుడు వద్దు.

దాని బదులు ఇది చేయండి. నేల మీద వెల్లకిలా పడుకోండి, ఎడమ మోకాలు మడిచి పాదం నేల మీద ఆనించండి. కుడి పాదానికి ఒక తువ్వాలు తగిలించి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని కాలు పైకి లేపండి. మోకాలు కొంచెం మడత ఉన్నా పర్వాలేదు, నడుం మాత్రం నేలని వదలకూడదు. లాగినట్టు అనిపించాల్సింది తొడ వెనక మధ్యలో. మోకాలి వెనక గుంతలో లాగితే కాలు కొంచెం దించండి. తిమ్మిరి పిక్క మీదుగా పాదం దాకా పాకితే అది కండరం కాదు, నరం, వెంటనే ఆపేయండి. అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచి, ఊపిరి వదులుతూ దించి, రెండో కాలికి చేయండి. దీని తర్వాత సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకి లేపేది) తక్కువ ఎత్తులో, మార్జాలాసనం (చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి వీపు పైకీ కిందకీ వంచేది) నిదానంగా ఒక ఎనిమిది సార్లు. అంతే, మొదటి నెల ఇంకేమీ కలపకండి.

కింద కూర్చోవడానికి రెండు దుప్పట్లు గట్టిగా మడిచి పిరుదుల కింద పెట్టుకుని, వీపు గోడకి ఆనించండి. మోకాళ్ళు తుంటి కంటే కిందకి దిగేంత ఎత్తు ఉండాలి. అప్పుడు నడుం దానంతట అదే నిటారుగా నిలబడుతుంది. కుర్చీలో కూర్చుని చేసినా ఏమీ తక్కువ కాదు, దానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

చాలాకాలంగా ఉన్న నడుం నొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాని కూడా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో తన మార్గదర్శకాల్లో చేర్చింది. అయితే కాలు మొద్దుబారినా, పాదం పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా అది యోగాతో చూసుకునే విషయం కాదు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: 29 ఏళ్ళు, గచ్చిబౌలిలో జాబ్. మూడేళ్ళుగా జిమ్‌కి వెళ్తున్నాను. యోగాతో కండలు పెరుగుతాయా? ఫ్రెండ్స్ శీర్షాసనం ఛాలెంజ్ పెట్టుకున్నాం, ఎన్నాళ్ళు పడుతుంది? – హైదరాబాద్

జవాబు: చతురంగ దండాసనం (పుష్ అప్‌లో కిందకి దిగి ఆగినట్టు ఉండేది), ఫలకాసనం (ప్లాంక్) లాంటివి భుజాలకి, ఛాతీకి, పొట్టకి బలమిస్తాయి. కానీ ఆసనాల్లో నెట్టడమే తప్ప బరువుని మనవైపు లాగే కదలిక దాదాపు లేదు. వీపు కండరాలు, చేతి పట్టు పెరగాలంటే పుల్ అప్స్, రోయింగ్ మానకండి. మీకు యోగా నుంచి రావాల్సింది తుంటి, భుజాల కదలిక, నిద్ర, ఊపిరి మీద అదుపు. బరువులు ఎత్తే ముందు ఒకే భంగిమలో ఎక్కువసేపు సాగదీసి ఉంచితే ఆ కాసేపు బలం కొంత తగ్గుతుంది, అందుకే ఆసనాలు జిమ్ తర్వాతో వేరే పూటో పెట్టుకోండి.

ఛాలెంజ్ మాత్రం మానేయండి తమ్ముడూ. శీర్షాసనంలో బరువంతా ముంజేతుల మీద ఉండాలి. భుజాల్లో బలం, పట్టు తక్కువగా ఉండి తొందరపడితే అది మెడ మీదకి వస్తుంది. పోటీ పెట్టుకుని పద్మాసనం బలవంతంగా వేసి మోకాలి లోపలి గుజ్జు చింపుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తుంటి తిరగనప్పుడు ఆ మెలిక మోకాలు భరించాల్సి వస్తుంది, మగవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. "స్థిరసుఖమాసనం", అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనం అని యోగసూత్రాల్లో పతంజలి చెప్పింది అలంకారానికి కాదు, ముఖం బిగుసుకుని ఊపిరి ఆగిపోతున్నదంటే అప్పటికి మీరు చేయాల్సినదానికంటే ఎక్కువ చేసేశారని అర్థం.

ప్రశ్న: 48 ఏళ్ళు. ఏడాదిగా అంగస్తంభన సరిగ్గా ఉండట్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మొహమాటం. యోగాతో తగ్గుతుందా? ఊరు కూడా వేయకండి.

జవాబు: అడిగి మంచి పని చేశారు, ఇలా అడగలేక గోడల మీద ప్రకటనలు చూసి వేలకి వేలు పోసేవాళ్ళు చాలామంది. మీ వయసులో ఇది వస్తే ముందు చూడాల్సింది షుగర్, బీపీ, కొలెస్ట్రాల్. అంగానికి వెళ్ళే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, పూడిక మొదలైతే ఇక్కడ ముందు తెలుస్తుంది, గుండె జబ్బు కొన్నేళ్ళ తర్వాత బయటపడుతుంది. కాబట్టి మొహమాటం పక్కనపెట్టి ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి రక్త పరీక్షలు చేయించుకోండి. "జనరల్ చెకప్" అనే చెప్పి వెళ్ళండి, లోపలికి వెళ్ళాక అసలు సంగతి చెప్పండి. కొన్ని బీపీ మందుల వల్ల కూడా ఇలా అవుతుంది, వేసుకుంటూ ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటే మాత్రం కారణం ఎక్కువగా ఆందోళనే.

యోగా ఇక్కడ రెండు రకాలుగా సాయపడుతుంది. ఒకటి, భయం తగ్గించడం. "ఈసారి కూడా అవదేమో" అన్న టెన్షన్‌లో శరీరం అంగంలోకి రక్తం రానివ్వదు, నిదానమైన శ్వాస, శవాసనం ఆ బిగువుని సడలిస్తాయి. రెండోది, కటి కింది కండరాలకి బలం. మూలబంధం, అశ్వినీ ముద్ర అని యోగాలో చెప్పేవి, ఫిజియోథెరపీలో కీగల్ వ్యాయామాలుగా నేర్పేవి పనిచేసేది ఒకే చోట. గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించే కండరమే అది. ఊపిరి ఆపకుండా, పిరుదులూ పొట్టా బిగించకుండా ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు పూర్తిగా వదలండి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకండి, అది అలవాటైతే మూత్రాశయానికి మంచిది కాదు. సిగరెట్ ఉంటే అది ఆపనంత కాలం వీటి ఫలితం సగమే.

ప్రశ్న: 63 ఏళ్ళు, రిటైర్డ్ టీచర్‌ని. నాలుగు నెలల క్రితం గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ప్రోస్టేట్ కూడా పెరిగింది, రాత్రి మూడుసార్లు లేస్తాను. యోగా మొదలుపెట్టొచ్చా? పెట్టినా ఉపయోగం ఉంటుందా? – తెనాలి

జవాబు: మాస్టారూ, ఉంటుంది. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకి యోగా నేర్పించి చూశారు, ఫలితాలు 2020లో వచ్చాయి. మళ్ళీ గుండెపోటు రావడం, మరణాల విషయంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కానీ యోగా చేసినవాళ్ళు మునుపటి పనుల్లోకి బాగా తిరిగి రాగలిగారు, ఆరోగ్యం బాగుందని వాళ్ళకే అనిపించింది. గుండెపోటు తర్వాత మెట్లు ఎక్కాలన్నా భయపడి ఇంట్లోనే కూర్చుండిపోయే మగవాళ్ళని చూస్తుంటాను కాబట్టి నా దృష్టిలో ఇది చిన్న లాభం కాదు.

ప్రోస్టేట్ మాత్రం ఆసనాలతో చిన్నదవదు. అలా అని ఎవరైనా చెప్తే నమ్మకండి. కటి కండరాల వ్యాయామం వల్ల మూత్రం ఆపుకోలేకపోవడం కొంత తగ్గవచ్చు. సాయంత్రం టీ మానేసి, పడుకునే ముందు రెండు గంటలు నీళ్ళు తగ్గిస్తే రాత్రి లేవడం తగ్గుతుంది. ప్రోస్టేట్ మందుల్లో కొన్ని, బీపీ మందులు లేచి నిలబడగానే కళ్ళు తిరిగేలా చేస్తాయి, కాబట్టి శవాసనం నుంచి కూడా ఒక్కసారిగా లేవకండి, పక్కకి తిరిగి కాసేపు కూర్చుని అప్పుడు నిలబడండి. తలకిందులు చేసేవి, ఊపిరి బిగబట్టేవి వద్దు. సాధనలో ఛాతీలో బరువుగా అనిపించినా, ఎడమ చెయ్యి లాగినా, ఆయాసం వచ్చినా "కాసేపట్లో తగ్గుతుందిలే" అనుకోకుండా అక్కడికక్కడే ఆపి ఇంట్లోవాళ్ళకి చెప్పండి, అవసరమైతే 108కి ఫోన్ చేయించండి. మొదలుపెట్టే ముందు మీ గుండె డాక్టరు గారిని ఏవి చేయొచ్చో, ఏవి వద్దో అడిగి ఒక కాగితం మీద రాయించుకుని, దాన్ని మీకు నేర్పే యోగా మాస్టారుకి ఇవ్వండి.