ఊపిరి చెప్పే లెక్కను ఎక్కడిదాకా నమ్మాలి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

కొత్త గ్యాస్ ఎనలైజర్ వచ్చిందనీ, సైకిల్ తొక్కేవాళ్ళ మీద పరీక్షలు మొదలుపెట్టబోతున్నాననీ రాశావు. సంతోషం. "బాగా కష్టపడి తొక్కేటప్పుడు కొవ్వెంత, పిండిపదార్థమెంత ఖర్చవుతోందో నిమిషనిమిషానికీ చెప్పెయ్యొచ్చు కదా మాస్టారూ?" అని అడిగావు. తేలిగ్గా తొక్కుతుంటే చెప్పొచ్చు. కష్టం పెరిగేకొద్దీ ఆ లెక్క మీద నమ్మకం సడలుతుంది. ఎక్కడ సడలుతుందో పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా.

ఆ యంత్రం కొవ్వునూ కొలవదు, గ్లూకోజునూ కొలవదు. ఎంత గాలి వచ్చిపోయింది, అందులో ఆక్సిజన్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత, దానికి తెలిసింది ఇంతే. తక్కినది మనం వేసే లెక్క. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఖర్చవడానికి 6 ఆక్సిజన్ అణువులు కావాలి, 6 కార్బన్ డయాక్సైడ్ అణువులు బయటికొస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌ను ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి 1. పామిటిక్ ఆమ్లం లాంటి కొవ్వుకైతే 23 ఆక్సిజన్‌కు 16 కార్బన్ డయాక్సైడ్. నిష్పత్తి 0.7. నోటి దగ్గర దొరికిన నిష్పత్తి ఈ రెంటి మధ్య ఎక్కడ పడిందో చూసి వాటాలు వేస్తాం. నోటి దగ్గరి గాలి కండరాల్లో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుందన్న నమ్మకం మీదే ఇదంతా నడుస్తుంది.

జోరుగా తొక్కేటప్పుడు కండరాల్లో గ్లూకోజ్ విరిగి పుట్టే లాక్టేట్ రక్తంలో పేరుకోవడం మొదలయ్యాక ఆ నమ్మకం చెల్లదు. కండరాల నుంచి వచ్చే ఆమ్లాన్ని రక్తంలోని బైకార్బనేట్ అణచిపెడుతుంది. ఆ చర్యలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఏ ఇంధనమూ కాలకుండా వచ్చిన గ్యాస్ అది. దానికి తోడు ఊపిరి జోరందుకుని ఒంట్లో నిల్వ ఉన్నది కూడా కొంత బయటికి తోసేస్తుంది. యంత్రం దేన్నీ విడదీయదు, అన్నీ ఒకే ఖాతాలో వేస్తుంది.

కాగితం తీసి నువ్వే లెక్క వెయ్యి. నిమిషానికి 3.00 లీటర్ల ఆక్సిజన్ ఖర్చై, 2.85 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చిందనుకో. నిష్పత్తి 0.95. 1983లో ఫ్రేన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సమీకరణాల్లో నత్రజనిని, అంటే ప్రోటీన్ వాటాను, పక్కనపెట్టి చూస్తే, కొవ్వు నిమిషానికి 0.25 గ్రాములు, పిండిపదార్థం 3.34 గ్రాములు. ఇప్పుడు ఆ 2.85లో ఒక్క 0.10 లీటరు బైకార్బనేట్ పుణ్యమా అని వచ్చిందనుకుని తీసెయ్. కొవ్వు 0.42 అవుతుంది, పిండిపదార్థం 2.88కి దిగుతుంది. నూటికి నాలుగు పాళ్ళు కూడా లేని తేడా కొవ్వు అంకెను మూడింట రెండు వంతులు పెంచేసింది! మొత్తం శక్తి మాత్రం రెండు లెక్కల్లోనూ నిమిషానికి దాదాపు 15 కిలోకేలరీలే. అందుకే మొత్తాన్ని ధైర్యంగా చెప్పు, వాటాలను ఆచితూచి చెప్పు. నిష్పత్తి 1 దాటితే వాటాలు అడగనే అడగకు. సాఫ్ట్‌వేర్ అప్పటికీ ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది, కొన్నిసార్లు కొవ్వును మైనస్‌లో కూడా. దానికి సిగ్గులేదు, మనకుండాలి.

మరి హద్దెక్కడ? గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో ఇంత శాతం అని ఒక గీత గీసి అందరికీ వర్తింపజేయకు. మంచి శిక్షణ ఉన్నవాడు 80 శాతం దగ్గర కూడా నిలకడగా ఉంటాడు, కొత్తవాడు 60 దగ్గరే తడబడతాడు. నేను చూసేది నిలకడ. పెడల్‌కు పెట్టిన బరువు మార్చకుండా నాలుగైదు నిమిషాలు తొక్కించు, చివరి ఒకటి రెండు నిమిషాలే లెక్కలోకి తీసుకో. ఆ కాసేపూ ఆక్సిజన్, నిష్పత్తి కదలకుండా ఉండి, లాక్టేట్ కూడా ఎగబాకకుండా ఉంటే వాటాలు వెయ్యి. నిమిషానికోసారి బరువు పెంచుకుంటూ పోయే పరీక్ష గరిష్ఠ ఆక్సిజన్ కనుక్కోవడానికి పనికొస్తుంది, దీనికి కాదు.

కేలిబ్రేషన్, అంటే యంత్రం కొలత సరిచూసుకోవడం గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు గానీ ఒకటి. 3 లీటర్ల సిరంజిని మెల్లగా తోసి ఊరుకోకు, రొప్పుతున్న మనిషి ఊపిరంత జోరుగా కూడా తోసి చూడు. నువ్వు కొలవబోయేది ఆ జోరునే. ఇక మాస్కు. ముక్కు దూలం పక్కనా, గడ్డం కిందా వేలు పెట్టి చూడు, బయటి దారి మూసి ఊదమను. ఊదిన గాలి పక్కనుంచి కారిపోతే రెండు గ్యాసులూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మాత్రం బుద్ధిమంతుడిలా ఉంటుంది. నిష్పత్తి బాగుంది కదా అని నువ్వు మోసపోతావు. ఇచ్చిన బరువుకు ఆక్సిజన్ తక్కువగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది మాస్కునే.

ముందురోజు తిండి, కాఫీ, వ్యాయామం అన్నీ రాయించు. గ్లైకోజెన్, అంటే కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం, తరిగిన మనిషి నిష్పత్తి వేరుగా ఉంటుంది.

అర నిమిషం స్ప్రింట్ల గురించి కూడా అడిగావు. అక్కడ ఊపిరి నిష్పత్తితో ఇంధనం తేల్చబోకు. కండరంలో తక్షణ శక్తికి నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్, ఆక్సిజన్ అక్కర్లేని గ్లైకోజెన్ విచ్ఛిన్నం, వీటి మీదే ఎక్కువ బండి నడుస్తుంది. ఆక్సిజన్ అందుకునేలోపే పరుగు అయిపోతుంది. లాక్టేట్ కోసం రక్తం తీస్తే ఆపిన వెంటనే ఒక్కసారి తీసి వదిలెయ్యకు, రక్తంలో అది పతాకస్థాయికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తీసేముందు చెవి తమ్మె మీది చెమట శుభ్రంగా తుడిచి, మొదటి చుక్క పారెయ్. చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది. ఆ అంకె కూడా పుట్టినదంతా కాదు, పుట్టినదానికీ ఖర్చైనదానికీ మధ్య మిగిలింది. కండరంలో గ్లైకోజెన్ ఎంత తరిగిందో నేరుగా తెలియాలంటే, 1960లలో స్వీడన్ వైద్యుడు బెర్గ్‌స్ట్రోమ్ వాడుకలోకి తెచ్చిన సూదితో కండరం ముక్క తీయాల్సిందే. దానికి డాక్టరూ అనుమతులూ కావాలి, నీ ప్రస్తుత పనికి అవసరం లేదు.

ఆపాక వచ్చే అంకెలతో జాగ్రత్త. నిష్పత్తి ముందు ఇంకా పైకి ఎగిరి, తర్వాత బాగా కిందికి పడుతుంది. అది చూసి "వ్యాయామం అయ్యాక కొవ్వు కరుగుతోంది" అని సంబరపడేవాళ్ళున్నారు. ఆ పడిపోవడంలో చాలా భాగం, ఖర్చైన బైకార్బనేట్‌ను ఒళ్ళు మళ్ళీ నింపుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుకోవడమే.

రిపోర్టులో నిలకడ లేని దశల దగ్గర వాటాల గడి ఖాళీగా వదిలెయ్, ఎందుకో పక్కన ఒక వాక్యం రాయి. మొదటి ఇద్దరు ముగ్గురివి అయ్యాక ఫైళ్ళు నాకు పంపు. సగటు తీసినవి కాదు, ఊపిరి ఊపిరికీ ఉన్నవి.

ఇట్లు,
నీ మాస్టారు