సాల్టెయిర్‌లో మిల్లు కన్నా ముందు ఇళ్లు చూడండి

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నామని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను బ్రాడ్‌ఫర్డ్ దగ్గరున్న మిల్లు ఊరు సాల్టెయిర్‌కి తీసుకెళ్లాలా వద్దా, పాత మిల్లు తప్ప అక్కడ ఏముంది అని మీరు అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే నేరుగా మిల్లులోకి వెళ్లకండి. నేను మొదటిసారి అలాగే వెళ్లి, గ్యాలరీలో బొమ్మలు చూసి, కాఫీ తాగి తిరిగొచ్చేశాను. ఊరు చూడనేలేదు. రెండోసారి మా నాన్నతో వెళ్లినప్పుడే ఆ ఊరేమిటో నాకు తెలిసింది.

మాది వరంగల్. 1934లో నిజాం కట్టించిన ఆజంజాహీ నూలు మిల్లులో మా తాతయ్య పనిచేశారు. మిల్లు సైరన్ వినపడితేనే నానమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేదని నాన్న ఇప్పటికీ చెబుతారు. ఆ మిల్లు మూతపడింది, ఆనవాళ్లు కూడా దాదాపు పోయాయి. అందుకే నూట యాభై ఏళ్లు దాటిన ఒక మిల్లు ఊరు ఇళ్లతో, బడితో, చర్చితో సహా నిలిచి ఉండటం చూసి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్టేషన్ దిగగానే మిల్లు కనపడుతుంది. దాన్ని వదిలి విక్టోరియా రోడ్డు మీదుగా పైకి నడవండి. రెండు పక్కలా జార్జ్, అమీలియా, టైటస్ అని వీధుల పేర్లు కనిపిస్తాయి. అవి మిల్లు యజమాని టైటస్ సాల్ట్ పిల్లల పేర్లు. కరోలిన్ వీధి పేరు ఆయన భార్యది. ప్లాన్ గీసిన లాక్‌వుడ్, మాసన్‌ల పేర్లతో కూడా వీధులున్నాయి. వరస ఇళ్ల మధ్య కొన్నిచోట్ల మూడంతస్తుల ఇళ్లు కనపడతాయి, గమనించండి. కూలీలకు చిన్న ఇళ్లు, వాళ్ల మీద అజమాయిషీ చేసేవాళ్లకు పెద్దవి. మిల్లులో ఎవరి హోదా ఎంతో వీధిలో నిలబడితే తెలిసిపోతుంది.

ఒక ఇంటి ముందు గడప రాయి మధ్యలో అరిగి గుంట పడి ఉంది. అంచులు మాత్రం పదునుగానే ఉన్నాయి. నాన్న వంగి ఆ గుంటను చేత్తో తడిమి, "షిఫ్టులు తిరిగిన కాళ్లురా ఇవి" అన్నారు. ఆ మాటతో నాకు ఊరంతా ఇంకోలా కనిపించింది.

ఈ ఊరు ఎందుకు కట్టాడన్నది కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. సాల్ట్ బ్రాడ్‌ఫర్డ్‌లో మిల్లులు నడిపేవాడు, ఆ నగరానికి మేయర్‌గా కూడా చేశాడు. అప్పటి బ్రాడ్‌ఫర్డ్ అంటే పొగ, మురికి కాలువలు, ఇరుకు గదులు. 1849లో కలరా వచ్చి 400 మందికి పైగా చనిపోయారు. ఆయన తన పనంతా నగరం బయట, ఎయిర్ నది పక్కన ఒక్కచోటికి చేర్చాడు. పక్కనే కాలువ, రైలు మార్గం ఉన్నాయి కాబట్టి సరుకు రవాణాకీ అనుకూలం. తన పేరూ నది పేరూ కలిపి ఊరికి పేరు పెట్టాడు. 1853 సెప్టెంబర్ 20న, తన యాభయ్యో పుట్టినరోజున మిల్లు తెరిచాడు. 1,200 మగ్గాలు, రోజుకు 30,000 గజాల బట్ట తీసే సామర్థ్యం. ఆయన్ను ధనవంతుణ్ణి చేసింది అల్పాకా అనే దక్షిణ అమెరికా జంతువు ఉన్ని. పడుగు నూలుది, పేక అల్పాకాది. ఇది చెప్పగానే నాన్న "అయితే పత్తి ఇక్కడికీ వచ్చిందన్నమాట" అని సంబరపడ్డారు.

ఇళ్లకు నీళ్లు, గ్యాస్, ఎవరి మరుగుదొడ్డి వారికి ఇచ్చాడు. ఆ రోజుల్లో కూలీ ఇంటికి ఇది చాలా పెద్ద సంగతి. పని చేయలేని ముసలివాళ్లకు 45 ఇళ్లు కట్టి, వారం వారం పింఛను ఇచ్చాడు. 1871కల్లా లైబ్రరీ, ఉపన్యాసాల హాలు ఉన్న ఇన్‌స్టిట్యూట్ కూడా వచ్చింది. దాని ముందూ, ఎదురుగా ఉన్న బడి ముందూ కలిపి నాలుగు రాతి సింహాలున్నాయి, అమ్మకు అక్కడ ఫోటో తీయండి. ఇదంతా మెచ్చుకుంటూనే ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. ఊళ్లో సారా దుకాణం పెట్టనివ్వలేదు, ఇల్లు యజమానిది, ఉద్యోగం యజమానిది. చిన్నపిల్లలు సగం పూట బడిలో, సగం పూట మిల్లులో ఉండేవారు. ఆయన దయను నేను శంకించను. కానీ ఆ దయ మీద ఆధారపడి బతికినవాళ్ల వైపు నుంచి కూడా ఊరిని చూడాలని నా ఉద్దేశం.

1933లో ఇళ్లను ఒక ప్రాపర్టీ సంస్థకు అమ్మేశారు. మిల్లు 1986లో మూతపడింది. మరుసటి ఏడాది జోనాథన్ సిల్వర్ కొని, బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలతో గ్యాలరీ తెరిచాడు. 2001లో ఊరికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, కాబట్టి కిటికీల్లోకి తొంగి చూడటం, గుమ్మాల్లో నిలబడి ఫోటోలు తీయడం మాత్రం వద్దు.

ఒక పూట చాలు. వీధుల తర్వాత చర్చి (సాల్ట్ సమాధి అక్కడే ఉంది), ఆపైన నది దాటి రాబర్ట్స్ పార్కు, చివరికి మిల్లు. వీధులు ఏటవాలుగా ఉంటాయి, పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులుంటే పార్కులో కాసేపు కూర్చోబెట్టండి. అక్కడి సాల్ట్ విగ్రహం దిమ్మె మీద అల్పాకా బొమ్మ చెక్కి ఉంటుంది, చూపించడం మర్చిపోకండి.