ప్రాసెసర్ సంగతి తర్వాత, ముందు బోర్డు, ఎస్‌ఎంపీఎస్ చూడండి

మీరు అడిగింది ఇదీ: మానిటర్ ఇంట్లో ఉంది, తమ్ముడి ఇంజినీరింగ్ కోసం 55 వేలలో అసెంబుల్డ్ పీసీ కావాలి, ఇప్పటికి కోడింగ్ నడిస్తే చాలు, ఏడాది తర్వాత మంచి గ్రాఫిక్స్ కార్డు వేసి గేమ్స్ ఆడుకుంటాడు. షాపులో ఇచ్చిన కొటేషన్: ఐ5-12400ఎఫ్, హెచ్610 మదర్‌బోర్డు, డీడీఆర్4 ర్యామ్, జీటీ 710 కార్డు, కంప్యూటర్‌కి కరెంటు అందించే, కంపెనీ పేరు కూడా రాయని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్.

నేనైతే తీసుకోను. 12400ఎఫ్‌కి వంక పెట్టక్కర్లేదు, మంచి ప్రాసెసరే. కాకపోతే చివర 'ఎఫ్' ఉందంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. అందుకే ఆ జీటీ 710 తగిలించారు. దాంతో ఇప్పటి గేమ్స్ ఆడలేం. రేపు అసలు కార్డు కొన్నాక దాన్ని అటక మీద పడేయడమే. పైగా ఆ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఇంటెల్ 14వ జనరేషన్‌తో ఆగిపోయింది, 2024లో ఇంటెల్ వేరే సాకెట్‌కి మారింది. డీడీఆర్4 ర్యామ్ కొత్త బోర్డుల్లో కూర్చోదు, గాడి వేరే చోట ఉంటుంది. అంటే మూడేళ్ల తర్వాత మార్చాలంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి కొనాలి.

2018 చివర్లో నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో బీ450 బోర్డు, ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 3 2200జీ తీసుకున్నాను. అప్పటికి నా దగ్గరున్న డబ్బుకి అదే ఎక్కువ. తర్వాత ఒక గ్రాఫిక్స్ కార్డు కలిసింది, ఆ తర్వాత అదే బోర్డు మీద రైజెన్ 5 5600 కూర్చుంది. నాలుగు కోర్ల నుంచి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బోర్డు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ దేన్నీ కదపలేదు. పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డులోని బయోస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి, అదొక్కటే జాగ్రత్త. ఆ ఏఎం4 సాకెట్ కాలం ఇప్పుడు అయిపోయింది కాబట్టి మీకు దాన్ని చెప్పను.

మీకు దాని తర్వాతి సాకెట్ ఏఎం5. ఈ సాకెట్‌ని 2027 దాకా, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ బహిరంగంగానే చెప్పింది. బోర్డు బీ650 తీసుకోండి, ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండు ఉన్నది చూసుకోండి. ప్రాసెసర్ రైజెన్ 5 7600. డబ్బాలోనే కూలర్ వస్తుంది, స్క్రీన్ నడపడానికి సరిపడే చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది. షాపువాళ్లు 8500జీ అంటగట్టాలని చూస్తారు, "దీంట్లో గ్రాఫిక్స్ ఇంకా బాగుంటుంది సార్" అంటూ. నిజమే, కానీ అందులో గ్రాఫిక్స్ కార్డుకి దొరికేవి నాలుగు పీసీఐఈ లేన్లే (డేటా వెళ్లే దారులు), 7600లో పదహారు. కార్డు ఎప్పటికీ కొనని వాళ్లకి 8500జీ బాగుంటుంది, మీ తమ్ముడికి కాదు.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. అందుకని 16 జీబీ స్టిక్ ఒక్కటే తీసుకోండి. ఒక్క స్టిక్‌తో వేగం కొంత తగ్గుతుంది, కోడింగ్‌కి ఆ తేడా పెద్దగా తెలియదు. 8 జీబీవి రెండు వేసుకుంటే మాత్రం రేపు పెంచాలన్నప్పుడు వాటిని తీసేయాలి, ఎందుకంటే ఏఎం5 బోర్డులు వాడే డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు వేస్తే స్పీడు పడిపోతుంది. అప్పటికీ బడ్జెట్ దాటితే 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీతో సర్దుకోండి, రెండో ఎం.2 స్లాట్ ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. బోర్డులో మాత్రం తగ్గించకండి.

ఇక ఎస్‌ఎంపీఎస్. స్టిక్కర్ మీద పెద్దగా రాసిన వాట్లు నమ్మకండి. పక్కనే ఉన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఇచ్చారో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ అందేది ఆ పవరే. '450' అని రాసి అక్కడ 16 ఆంపియర్లు ఉంటే, వచ్చేది 192 వాట్లే. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే సర్టిఫికెట్) ఉన్నది, 650 వాట్లది తీసుకోండి. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డు తీసుకునేది 115 వాట్లే అయినా, తర్వాత ఇంకా పెద్దది కొనాలనిపిస్తే మళ్లీ దీన్ని మార్చక్కర్లేదు.

క్యాబినెట్‌కి ముందు వైపు జాలీ ఉంటే చాలు, రంగురంగుల లైట్లకి డబ్బు పెట్టకండి.

జీఎస్టీ బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామంటారు, ఒప్పుకోవద్దు. ప్రతి పార్ట్ సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి, సర్వీస్ సెంటర్‌లో వారంటీకి అడిగేది దాన్నే. కొత్త కొటేషన్‌లో ఎస్‌ఎంపీఎస్ మోడల్ పేరుతో సహా రాయించుకుని ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.